ఏసీ గిటారుతో రెంటచింతల దాకా

మే నెలలో రెంటచింతల వెళ్లేవాళ్లు పెళ్లికో చావుకో వెళతారు. ఊరికే చూసి వద్దామని ఎవరూ వెళ్లరు. నేను మాత్రం ఒక పాటలో మిగిలిపోయిన సగం వాయించి రావడానికి వెళ్లాను.

ఆ పాట ముప్పై ఏళ్ల కిందట, రెంటచింతలలో, మా శౌరయ్య పెళ్లి పందిట్లో ఆగిపోయింది. అప్పట్లో శౌరయ్య, నేను నరసరావుపేటలో ఒకే ఆర్కెస్ట్రాలో ఉండేవాళ్లం. అతను కీబోర్డు, నేను గిటారు. ఆ పెళ్లయిన కొద్దికాలానికే నేను ఒక దినపత్రికలో సబ్ ఎడిటరుగా చేరి గుంటూరు వచ్చేశాను. రాత్రి డ్యూటీలకీ గిటారుకీ కుదరదని తెలిసి, దాన్ని శౌరయ్య ఇంట్లో వదిలేశాను. అతను కూడా ఆర్కెస్ట్రా మానేసి నరసరావుపేటలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు అయ్యాడు. నేను నిరుడు రిటైరయ్యాను.

పోయిన నెల ఫోను చేశాడు. "ఒరే కోటిగా, మాకు పెళ్లయి ముప్పై ఏళ్లు. రెంటచింతలలోనే చేస్తన్నాం. మార్తమ్మ ఒకటే మాటంది. అదే మనిషి, అదే గిటారు, అదే పాట. మైకు మాత్రం ఉండకూడదంట." గొంతు తగ్గించాడు. "ఈసారి కూడా సగమే అయితే, నేను పోయినాక నా శవప్పెట్టె మీద చెయ్యేసి మరీ చెప్పిద్దంట, ఈ మనిషి ఏదీ పూర్తి చెయ్యలేదని. అనే రకమేరా అది."

అనే రకమేనని నాకూ తెలుసు. వాళ్లింట్లో ముప్పై ఏళ్లుగా సగంలో ఆగిన ప్రతి పనికీ ఒకటే పేరు. గేటుకు ఒకవైపే రంగు వేస్తే అది గిటారు పని. మోటారు విప్పి మళ్లీ బిగించకపోతే అదీ గిటారు పనే. నేను ఎప్పుడు వెళ్లినా వాళ్ల కోడలు ఆ మాట అనబోయి నన్ను చూసి నాలిక కరుచుకునేది.

సరే వస్తానన్నాను. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, ఆ పాట రెండో సగం నాకు గుర్తులేదని.

ఆదివారం తెల్లవారి అయిదూ నలభైకి గుంటూరు బస్టాండులో నరసరావుపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చేతిలో ఒక జత బట్టలు, ముందురోజు కొన్న కొత్త తీగల ప్యాకెట్టు. కిటికీ పక్క సీటు దొరికింది. ఈ దారిన వెళ్లాలనుకునేవారు ఎండాకాలంలో ఈ బస్సుకే వెళ్లండి. తర్వాతి బస్సుకు సీట్ల రేకులు కాలతాయి.

దారంతా పాట మొదటి సగం నోట్లో అనుకుంటూనే ఉన్నాను. అది సినిమా పాట కాదు, నేను కట్టుకున్నదే. మాటలు లేవు, ఉత్త తీగల మీద నాలుగు నిమిషాలు. పత్తి మిల్లు పక్క గదిలో మా రిహార్సల్ జరుగుతుంటే, నరసరావుపేటలో చదువుకుంటున్న మార్తమ్మ శౌరయ్యను చూడటానికి వచ్చి, రోజూ ఆ పాట మాత్రం విని వెళ్లేది. మన పెళ్లిలో వేరే ఏదీ వద్దు, ఇది చాలు అని శౌరయ్యతో అప్పుడే చెప్పిందట.

నరసరావుపేట దగ్గరపడుతుండగా ఎడమవైపు కోటప్పకొండ కనిపించింది. ఆ కొండ కింద నేను నాలుగు తిరునాళ్లు వాయించాను. శివరాత్రికి ఒక్కో ఊరు ఒక్కో ప్రభ కట్టుకుని వస్తుంది. ఇంత ఎత్తున కర్రలు నిలబెట్టి నిలువెల్లా రంగు బల్బులు బిగిస్తారు. ప్రతి ప్రభ ముందూ ఒక స్టేజీ, ప్రతి స్టేజీ మీదా ఒక ఆర్కెస్ట్రా. పక్క ఊరి పాట మన పాటను మింగేయకుండా ఎవరి సౌండు బాక్సులు వాళ్లు పెంచుకుంటూ పోతారు. ఆ హోరులో ఎవరి వాయిద్యం వాళ్లకే వినపడదు. నాలుగో ఏడు సామాను సర్దుతుంటే, మా మిక్సరు చూసే మస్తాను మంచి మనసుతో ఒక సంగతి చెప్పాడు.

"అన్నా, నీ గిటారు వైరు స్టేజీ కింద చుట్ట చుట్టి ఉంది. మొదటి ఏడు మిక్సర్లో చోటు లేక పీకా. ఎవురూ ఏమీ అనలేదు గదా అని అట్టాగే ఉంచా."

నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో నా వాయిద్యం అద్భుతమని చెప్పి శాలువా కప్పిన పెద్దమనుషులు ఇద్దరున్నారు. అందుకే శౌరయ్య పెళ్లిలో నేనొక్కడినే వాయించబోయే నాలుగు నిమిషాల మీద నేను అంత ఆశ పెట్టుకున్నాను. జనం నన్ను వినడం అదే మొదటిసారి అయ్యేది.

ఏడూ అయిదుకు నరసరావుపేటలో దిగాను. బస్టాండు ఎదురుగా ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. నలభై రూపాయలకు నాలుగు, కారప్పొడి అడిగినంత. అక్కణ్నుంచి ఆటోలో ఊరి బయట కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. శౌరయ్య వంటల పని చూసుకోవడానికి రెండు రోజుల ముందే రెంటచింతల వెళ్లిపోయాడు. గిటారు ఆఫీసులో ఉంటుంది, తీసుకురా అన్నాడు.

ఆఫీసులో గిటారు సంచి ఉంది. గోడకున్న మేకుకు వేలాడుతోంది. లోపల మూడు గొడుగులున్నాయి.

"శౌరయ్యగారి ఐటమేగా సార్. లోపలుంది, తెప్పిస్తా" అన్నాడు గుమాస్తా.

లోపల అంటే మిరపకాయలుండే చాంబరులో. ముఖాలకు తువాళ్లు చుట్టుకున్న ఇద్దరు హమాలీలు ఇనప తలుపు తెరిచి లోపలికి వెళ్లి, రోగిని మోసుకొచ్చినట్టు చెరోవైపు పట్టుకుని గిటారును బయటకు తెచ్చారు. మెడకు, బస్తాలకు కట్టే అట్ట చీటీ కట్టి ఉంది. రైతు పేరు: మార్తమ్మ. రకం: గిటారు. సంచులు: ఒకటి.

ముట్టుకుంటే బండరాయిలా చల్లగా ఉంది. చూస్తుండగానే ఒళ్లంతా నీటి బొట్లు పుట్టాయి. తుడవడానికి దగ్గరకు తీసుకోగానే తుమ్ము వచ్చింది. అది ఒకటితో ఆగలేదు. ఏడో తుమ్ము తర్వాత గుమాస్తా మంచినీళ్లు ఇచ్చాడు.

"నెలా పదిహేను రోజులు తేజ రకం మిరపకాయ మధ్య పడుకుంది సార్. మనిషైతే పోయేవాడు."

శౌరయ్యకు ఫోను చేశాను. అతని సమాధానం సూటిగా ఉంది. రెంటచింతల ఎండకు పెళ్లిరోజు గిటారు బ్రిడ్జి, అంటే తీగలు కింద బిగించే చెక్క, జిగురు కరిగి ఊడిపోయింది గదా. అందుకని ఎండాకాలం రాగానే లోపల పెట్టించాడట. సంచిలో ఉంటే చలి తగలదని సంచి తీసేశాడట. "కాయ రంగే పోదు లోపల పెడితే. చెక్కెందుకు పోయిద్ది?"

బ్రిడ్జి వైపు చూశాను. పెళ్లయిన మర్నాడు మా వడ్రంగి దానికి అటూ ఇటూ రెండు బోల్టులు వేసి బిగించాడు. ఇక గిటారు మొత్తం ఊడిపోయినా ఆ చెక్క కదలదు. ఆ బోల్టులు వేయించింది శౌరయ్యే. ఆ సంగతి అతనికి చెప్పలేదు. వంటల దగ్గర ఉన్న మనిషిని కంగారు పెట్టడం ఎందుకు?

చెక్క ఎక్కడైనా చీలిందేమోనని వేలి కణుపుతో చుట్టూ కొట్టి చూశాను. ఎక్కడా బొంగురు పోలేదు. తీగలు మాత్రం తుప్పు పట్టి పురికొసల్లా ఉన్నాయి. అక్కడే బల్ల మీద కొత్త తీగలు వేశాను. ఆ పని అయ్యేసరికి గుమాస్తా ఫైళ్లు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

ఎనిమిదీ నలభైకి పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్ల వెళ్లే బస్సు. ఆడవాళ్లకు టికెట్టు లేకుండా అయినప్పటి నుంచీ ఈ దారిలో ఆదివారం సీటు దొరకడం కష్టం. మూడో వరసలో ఒకటి దొరికింది. గిటారును ఒళ్లో నిలబెట్టి పట్టుకున్నాను. సంచి జిప్పు గొడుగుల బరువుకు పాడైంది, సగమే పడుతుంది.

బస్సు ఊరు దాటకముందే నా ముందు సీటు ఆవిడ తుమ్మింది. తర్వాత ఆవిడ పక్కావిడ. పది నిమిషాల్లో తుమ్ములు వరసగా డ్రైవరు దాకా వెళ్లి, అక్కడ దగ్గుగా మారి వెనక్కి వచ్చాయి. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపేశాడు.

"మిరపకాయల మూట ఎక్కించింది ఎవురు? బస్సులో ఎక్కించొద్దని ఎన్నిసార్లు చెప్పాల?"

సీట్ల కింద చూశాడు, సంచులు తడిమాడు. చివరికి కళ్లు తుడుచుకుంటూ నా దగ్గర ఆగి, గిటారు సంచిని వాసన చూసి వెనక్కి జరిగాడు. ఇందులో ఉన్నది గిటారేనని జిప్పు తీసి చూపించాను. అతను నమ్మలేదు. చిల్లులోకి తొంగి చూసి, లోపల కాయలు ఎక్కడ పోశావని అడిగాడు.

నడవాలో నిలబడ్డ ఒక ముసలాయన కల్పించుకున్నాడు. పంచె, భుజాన తువాలు. దగ్గూ లేదు, తుమ్మూ లేదు. వంగి ఒక్కసారి గాలి పీల్చి చెప్పాడు. "తేజ. ఏసీ కాయ. కళ్లంలో ఎండిన వాసన కాదిది, ఏసీలో పెట్టిన వాసన."

మా వైపు కోల్డ్ స్టోరేజీలో దాచిన కాయను ఏసీ కాయ అంటారు. వెనక సీటాయన తేజ కాదన్నాడు. దాని మీద ఇద్దరూ వాదించుకున్నారు. బస్సులో సగం మంది రైతులే కావడంతో ఒకరి తర్వాత ఒకరు వచ్చి గిటారును వాసన చూసి తమ మాట చెప్పి వెళ్లారు. ఎక్కువ మంది తేజ అనే అన్నారు. అది గిటారు అన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

తీర్పు కండక్టరు ఇచ్చాడు. నేను, గిటారు చివరి సీటులోకి వెళ్లాలి. కిటికీలన్నీ తెరవాలి. చివరి సీటువాళ్లు ముందుకొచ్చి నిలబడాలి. మాచర్ల బస్సులో ఆదివారం పూట ఆరుగురు కూర్చునే సీటు నాకొక్కడికే దక్కింది. ఇన్నేళ్ల పత్రికా ఉద్యోగంలో నాకెప్పుడూ ఇంత మర్యాద జరగలేదు.

పిడుగురాళ్ల దాటాక ముసలాయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఈయన గురజాలలో దిగాలట.

"దులిపితే పోయిద్ది ఘాటు. కాయైనా అంతే. వాయించు, అదిరితే రాలిద్ది" అన్నాడు.

మాట బాగానే ఉందనిపించింది. శ్రుతి చేసుకుని వాయించడం మొదలుపెట్టాను. వేళ్లకు కాయలు పోయి ఏళ్లయింది, తీగలు కోసుకున్నాయి. అయినా మొదటి సగం వచ్చింది. రోడ్డు గతుకుల్లో బస్సు ఎగిరినప్పుడల్లా ఒక స్వరం ఎక్కువ పడింది తప్ప, వచ్చింది. ఆ చోటు రాగానే వేళ్లు ఆగిపోయాయి. ముప్పై ఏళ్ల కిందట బ్రిడ్జి ఊడిన చోటు.

"అయిపోయిందా?"

ఇంకా ఉంది, గుర్తులేదు అన్నాను. ఎక్కడికి, ఎందుకు వెళుతున్నానో చెప్పాను. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"రెంటచింతల వాళ్లతో పెట్టుకున్నావు. సగం వాయిస్తే ఊరుకోరయ్యా."

ఆయన గురజాలలో దిగేటప్పుడు గిటారు మెడకున్న చీటీ ఒకసారి చూసి, రకం అన్నచోట గిటారు అని ఉండటం తప్పనీ, తేజ అని రాయించుకోమనీ చెప్పాడు.

గురజాల దాటాక రోడ్డుకు అటూ ఇటూ నాపరాళ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. మా నాన్న ఇలాంటి రాళ్ల పాలిషింగు మిల్లులోనే పనిచేశాడు. ప్రతి బండనూ సుత్తి పిడితో కొట్టి చూసేవాడు. ఖంగుమంటే మంచిది, బొంగురుపోతే లోపల పగులుంది. ఆరేళ్ల వయసులో నేను పక్కన కూర్చుని, ఏ బండ ఎంత పైకి పలుకుతుందో చూసుకుని వరస మార్చి పెట్టేవాణ్ని. ఒకసారి అయిదు బండలు వరసగా కొడితే చర్చిలో వినపడే కీర్తన మొదటి ముక్క వచ్చింది. ఆ రోజు సంతోషం పట్టలేక పదిహేను సార్లు కొట్టాను. అయిదో బండ పగిలింది, దాని వెనక నా వీపూ పగిలింది.

తర్వాత సైకిలు బ్రేకు తీగను పలక మీద బిగించి వాయించాను. చర్చి క్వయరుకు నేర్పే మాస్టారి దగ్గర మొదటిసారి నిజం గిటారు చూశాను. కులం, మతం అడగకుండా ఆయన మూడేళ్లు నేర్పాడు. ఇరవై ఏళ్ల వయసులో విజయవాడలో ఈ గిటారు సెకండ్ హ్యాండు కొని ఇంటికి తెస్తే, మా నాన్న చేతిలోకి తీసుకుని కణుపుతో కొట్టి చూసి తిరిగి ఇచ్చేశాడు. "లోపలంతా బోలు. మోసపోయావు" అన్నాడు. పోయేదాకా ఆయన అభిప్రాయం అదే.

పదకొండూ ఇరవైకి రెంటచింతలలో దిగాను. రోడ్డు మీద కుక్క కూడా లేదు. తువాలు నెత్తిన వేసుకుని, గిటారును ఛాతీకి హత్తుకుని, దగ్గుకుంటూ మార్తమ్మ పుట్టింటి దాకా నడిచాను.

శౌరయ్య ఎదురొచ్చి గిటారును అందుకుని, చల్లదనం తగ్గలేదు చూశావా అన్నాడు గర్వంగా. మార్తమ్మ వంటల దగ్గరి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె కూడా అదే కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ఇరవై ఏళ్లు కాయలకు తొడిమలు తీసింది. ఆ ఘాటు ఆమెకు గాలి లాంటిది. గిటారు వాసన ఆమెకు తెలియనే లేదు.

"వచ్చావా కోటన్నయ్యా. పాట మొత్తం తెచ్చుకున్నావా?"

తెచ్చానన్నాను. ఆ అబద్ధం ఆడాక నాకు అన్నం సరిగా దిగలేదు. నాటుకోడి, గారెలు, పుల్లటి పెరుగు. తినగలిగిన వాళ్లు తిన్నారు.

భోజనాల తర్వాత హాల్లో చుట్టాలు ఇరవై మంది చాపలేసుకుని పడుకున్నారు. మూలన పెద్ద కూలరు. నేను వెనక గదిలో కళ్లు మూసుకుని రెండో సగం కోసం వెతుక్కుంటున్నాను. శౌరయ్యకు గిటారు వేడెక్కుతోందని అనుమానం వచ్చింది. సంచిలోంచి తీసి తీసుకెళ్లి సరిగ్గా కూలరు ముందు, చిల్లు గాలికి ఎదురుగా వచ్చేటట్టు నిలబెట్టాడు.

రెండు నిమిషాల్లో ఇరవై మందీ లేచారు. ఎవరు ఎవరి మీదుగా పరిగెత్తారో తెలియదు. ఒక పెద్దావిడ గ్యాసు లీకవుతోందని అరిచింది. ఆ మాటకు వంటవాళ్లు పొయ్యిలు ఆర్పేశారు. మాచర్ల నుంచి వచ్చిన అల్లుడుగారు లుంగీతోనే వీధిలోకి వెళ్లి, ఆ ఎండలో నిలబడలేక లోపలికీ, ఈ ఘాటులో ఉండలేక బయటికీ తిరిగాడు. హాలు మధ్యలో శౌరయ్య ఒక్కడే హాయిగా నిలబడి, ఏమైంది మీకందరికీ అని అడుగుతున్నాడు.

మార్తమ్మ వచ్చి కూలరు ఆపింది. మొగుడి వైపు చూసింది. ఏమీ అనలేదు. శౌరయ్య నన్ను పక్కకు పిలిచి, "చూశావుగా, మాట కూడా అనట్లా. అదే భయం నాకు. సాయంత్రం దాకా దాచుకుంటంది" అన్నాడు. అప్పుడు చెప్పాను అతనికి, చివర గుర్తులేదని. శౌరయ్య ముఖం చూడలేకపోయాను. కీబోర్డు మీద అతనేమైనా ఎత్తుకోగలడా అని అడిగాను. రిహార్సల్లో ఆ నాలుగు నిమిషాలూ టీకి వెళ్లేవాణ్నని చెప్పాడు.

అయిదు గంటలకు చర్చిలో పూజ. ఆరున్నరకు పందిట్లో జనం. అక్కడ మొదటి వరసలో జోజి బాబాయి ఉన్నాడు.

ఈయన మార్తమ్మకు చిన్నాన్న. మా వైపు పెళ్లిళ్లలో ఎవరేమి చదివించారో మైకులో చెప్పాలి. ఊరు వినకపోతే ఇచ్చినవాళ్లకు ఇచ్చినట్టుండదు. ముప్పై ఏళ్ల కిందట ఆ పని జోజి బాబాయిది. నేను పాట ఎత్తుకున్న ప్రతిసారీ ఆయన మైకు లాక్కుని, ఫలానా ఊరి ఫలానావారు స్టీలు బిందె అనేవాడు. పదకొండుసార్లు మొదలుపెట్టాను, పదకొండుసార్లూ బిందెలూ బేసిన్లూ అడ్డొచ్చాయి. పన్నెండోసారి ఆయన మంచినీళ్లకు వెళ్లాడు. పాట సగానికి వచ్చింది. నడినెత్తిన సూర్యుడు, రేకుల పందిరి. బ్రిడ్జి ఠప్పున ఊడి, ఆరు తీగలతో సహా ఎగిరి, వడ్డన చేస్తున్నాయన పెరుగు బకెట్లో పడింది. అంతటితో ఆగింది పాట.

ఇప్పుడాయనకు ఎనభై దాటాయి. మైకు వద్దన్నారని ఆయన నొచ్చుకోలేదు. మైకు ఆయన గొంతుకు ఎప్పుడూ అవసరం లేదు. బహుమతులు వద్దని కార్డులో వేసినా జనం తెచ్చారు. అవన్నీ ఆయన కుర్చీ పక్కన పేర్చి ఉన్నాయి.

ఫాదర్ గారు ప్రార్థన చేసి కూర్చున్నారు. నేను ముందుకెళ్లి స్టూలు మీద కూర్చుని గిటారు తీశాను. ఎదురుగా రెండు కుర్చీల్లో శౌరయ్య, మార్తమ్మ. గాలి నా వెనక నుంచి జనం మీదికి వీస్తోంది.

వాయించడం మొదలుపెట్టాను. బస్సు ముసలాయన చెప్పింది నిజమే, అదురుకు ఘాటు రాలుతుంది. ఎక్కడ రాలుతుందన్నది ఆయన చెప్పలేదు. ముందు ఫాదర్ గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఆయన్ని చూసి, పాట అంత కదిలించిందేమోనని రెండో వరసవాళ్లు ముక్కు ఎగబీల్చారు. తర్వాత వాళ్లకూ నిజంగానే వచ్చింది. అప్పుడు జోజి బాబాయి లేచాడు. చేతిలో ప్రెషరు కుక్కరు.

"గురజాల వాస్తవ్యులు..." అన్నాడు. ఊపిరి బలంగా తీసుకున్నాడు. అదే ఆయన చేసిన తప్పు. దగ్గు పట్టుకుంది. వాస్తవ్యులు ఎవరో, కుక్కరు ఎన్ని లీటర్లో చెప్పలేక, కుక్కరును ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు. ఇద్దరు వచ్చి ఆయన్ని మంచినీళ్ల డ్రమ్ము దగ్గరకు నడిపించుకెళ్లారు. ఆయన వెనకే మొదటి వరస లేచింది. దాని వెనక రెండోది. ఎవరూ గోల చేయలేదు, తువాళ్లు అడ్డం పెట్టుకుని మర్యాదగా, కుర్చీలు ఎత్తుకుని మరీ, గాలికి పక్కగా గేటు దాకా వెళ్లి కూర్చున్నారు.

ఎదురుగా రెండు కుర్చీలు మిగిలాయి. ఇద్దరి కళ్లూ పొడిగా ఉన్నాయి. నా కళ్లు మాత్రం ధారలు కట్టి, తీగలు కనపడటం మానేశాయి.

ఆ చోటు వచ్చింది. వేళ్లు ఆగాయి.

శౌరయ్య తల దించుకున్నాడు. నేను మళ్లీ వెనక్కి వెళ్లి ఎత్తుకున్నాను. మళ్లీ అక్కడే ఆగాను. మూడోసారి ఆగినప్పుడు మార్తమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

ఆమె నోరు తెరవకుండా, ముక్కుతోనే కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. పాడటం కాదది, పనిచేసుకుంటూ అనుకునే తీరు. చేతులు ఒళ్లో వాటంతటవే కదులుతున్నాయి, కాయ పట్టుకుని తొడిమ తుంచినట్టు. నేను ఆగిన స్వరం దగ్గర నుంచే అందుకుంది. నేను దాని వెంట వెళ్లాను. రెండు వరసలు పోయాక నా వేళ్లకు దారి తెలిసింది. అక్కడ ఆమె ఆపేసి చేతులు కట్టుకుని వింది. చివరి స్వరం వాయించి తీగల మీద చెయ్యి పెట్టాను.

గేటు దగ్గర దగ్గులు వినపడుతూనే ఉన్నాయి.

"చివర రెండుసార్లు తిప్పేవాడివి అన్నయ్యా. ఇప్పుడు ఒకసారే తిప్పావు" అంది మార్తమ్మ.

మళ్లీ ఆ చివరి ముక్క రెండుసార్లు తిప్పి వాయించాను. ఆమె తల ఊపింది.

నీకు మొత్తం వచ్చుగదా, మరి నన్నెందుకు రప్పించావని అడిగాను.

"నాకు వచ్చు. ఇరవై ఏళ్లు షెడ్డులో అదే అనుకుంటా తొడిమలు తీశా. అది నీ పాటో, సగం నేను కల్పించుకుందో తెలియలా. ఇప్పుడు తెలిసింది." మొగుడి వైపు తిరిగింది. "అయిపోయిందయ్యా నీ పని. తల ఎత్తు."

శౌరయ్య తల ఎత్తాడు. ఇరవై అయిదేళ్లు మిరపకాయల మధ్య గడిపిన మనిషి, తుమ్మైనా రాని మనిషి, తువాలు తీసుకుని ముఖం మొత్తం తుడుచుకున్నాడు. ఘాటు ఎక్కువైందిరా అన్నాడు.

భోజనాల దగ్గర నలుగురైదుగురు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఊరంతటినీ ఏడిపించావయ్యా అన్నాడు ఒకాయన. ఇంకొకాయన శాలువా తెచ్చి కప్పాడు. దూరం నుంచి.

మర్నాడు పొద్దున గుంటూరు రైలుకు శౌరయ్య స్టేషను దాకా వచ్చాడు. మాచర్ల నుంచి వచ్చే ఈ రైలు బస్సు కంటే నెమ్మది, టికెట్టు బస్సులో నాలుగో వంతు కూడా ఉండదు, కిటికీలు పెద్దవి. మే నెలలో పల్నాడు చూడక తప్పనివారికి ఇదే నా సలహా. రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఎక్కేముందు గిటారును శౌరయ్య చేతికి ఇవ్వబోయాను. వద్దన్నాడు. "మార్తమ్మ నిన్నే తీసకపొమ్మంది. ఇంట్లో ఇంక దాని పేరు చెప్పేదేం లేదంట."

నా జీవితంలో కచేరీలన్నీ లెక్కేసుకుంటే, వైరు లేకుండా వాయించిన నాలుగు తిరునాళ్లకు జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నిజంగా వినపడిన ఒక్కదానికి కుర్చీలు ఎత్తుకుని వెళ్లిపోయారు. అయినా అడిగితే నేను రెండోదే చెబుతాను. మా నాన్న ఉంటే కణుపుతో కొట్టి ఏమనేవాడోగాని, గుంటూరు దాకా గిటారు ఒళ్లోనే పెట్టుకున్నాను.

నడికుడిలో ఒకాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. రైలు కదలకముందే తుమ్మాడు. సంచి వైపు చూశాడు, గిటారు మెడకున్న చీటీ చూశాడు.

"మిరపకాయలా?"

అవునన్నాను.

"ఏ రకం?"

"తేజ. ఏసీది."

"ఎంతకిస్తారు?"

"అమ్మను" అన్నాను.